ప్రోబయోటిక్ చూసి మెసలమైన్ మానొద్దు



పేగుల్లోని బ్యాక్టీరియా గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లో ఈమధ్య తరచుగా రాస్తున్నారు. సంతోషమే. కానీ అవి చదివినవారు ‘మంచి బ్యాక్టీరియా పెరిగితే పేగుపూత దానంతట అదే పోతుంది, ఇన్ని మాత్రలెందుకు?’ అంటున్నారు. నా కూతురికి ఈ పేగుపూతే, అంటే అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. ఇంటికొచ్చే చుట్టాలు ప్రేమగా ఇస్తున్న ఈ సలహా చాలా ప్రమాదకరం.

ఈ జబ్బులోనూ, దీని తోబుట్టువు లాంటి క్రోన్స్ జబ్బులోనూ బ్యాక్టీరియా పాత్ర నిజమే. 1991లో బెల్జియం వైద్యులు కొందరు క్రోన్స్ రోగులకు పాడైన పేగు తీసేసి, మిగతాది అతికించి, పేగులో పారేదంతా అతుకుదాకా రాకుండా పైనుంచే బయటికి మళ్లించారు. ఆరు నెలలపాటు అక్కడ వాపు రాలేదు. పాత దారి కలిపాక జబ్బు తిరగబెట్టింది. పీచును బ్యూటిరేట్‌గా మార్చి పేగు లోపొరను పోషించే ఫీకాలిబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా తక్కువున్న క్రోన్స్ రోగులకు ఆపరేషన్ తర్వాత జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని 2008లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు.

అయితే పేగును పుండు చేసేది మన రోగనిరోధక శక్తే. అందులో జన్యువులకూ వాటా ఉంది. మంచి బ్యాక్టీరియా తగ్గడం వల్ల మంట పుట్టవచ్చు, మంట వల్ల ఆ బ్యాక్టీరియా కూడా తగ్గవచ్చు. అలాంటప్పుడు ఏదో ఒక సూక్ష్మజీవిని మింగితే సరిపోతుందా? పరిశోధనల్లో ఈ.కోలై నిస్లే 1917 అనే బ్యాక్టీరియా రకం, నెమ్మదించిన కొలైటిస్ తిరగబెట్టకుండా కాపాడడంలో ఇంచుమించు కొలైటిస్ మందైన మెసలమైన్‌కు సాటి వచ్చింది. ఆ ఫలితం ఆ ఒక్క రకానిదే, మందుల షాపులో దొరికే ప్రతి క్యాప్సూల్‌దీ కాదు. కొలైటిస్‌కైనా క్రోన్స్‌కైనా ప్రోబయోటిక్స్‌ను పరిశోధనల్లో భాగంగానే వాడాలని 2020లో అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం చెప్పింది. పెరుగు పడేవారు హాయిగా తినవచ్చు, కానీ అది ఆహారమే తప్ప చికిత్స కాదు.

మందు మానితే ఏమవుతుందో కూడా తెలిసిందే. నెమ్మదించిన కొలైటిస్‌లో మెసలమైన్ సరిగా వాడనివారికి జబ్బు తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లు మించిందని 2003లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. రక్త విరేచనాలు తగ్గి, ఒంట్లో బాగుందనిపించే రోజుల్లోనే చాలామంది మాత్రలు పక్కన పెడతారు. ఇలాంటి సలహాలు చెవికెక్కేదీ అప్పుడే.

అందుకే సంపాదకులకు నా విన్నపం. పేగు బ్యాక్టీరియాపై వేసే ప్రతి కథనంలో ‘డాక్టరును అడగకుండా మందులు మానకండి’ అన్న మాట స్పష్టంగా వేయండి. ప్రోబయోటిక్ ప్రకటనలు పేగుపూత నయమవుతుందని చెబితే, ఏ రకం సూక్ష్మజీవితో, ఏ రోగులపై రుజువైందో అడిగాకే అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు, తెనాలి