సంగటిముద్ద

ఆంధ్రదేశపు నైరుతి అంచున, కన్నడ సీమకు చేరువగా, ఎత్తైన మెట్టనేలపై పుంగనూరు కలదు. అచ్చట వానలు తక్కువ. చెరువు నిండిన ఏడు పండుగ. నిండని ఏడు కరవు. అట్టి నేల తన బిడ్డలకు పెట్టిన భోజనము రాగిసంగటి, పితికిపప్పు, ఉలవకట్టు, పెరటి ఆకుకూర. ఈ భోజనమును పేదరికపు గుర్తుగా నెంచి సిగ్గుపడుట నేడు పలువురకు అలవాటైనది. అది తగని సిగ్గు.

పట్టణములలో 'సేంద్రియ ఆహారము' అను ముద్రగల సంచులు అధికమైన వెలకు అమ్ముడగుచున్నవి. ధ్రువపత్రమునకును, సంచికిని, రవాణాకును అయిన వ్యయము కూడ ఆ వెలలో చేరును. దినకూలితో నలుగురిని పోషించు తల్లి ఆ సంచిని కొనలేదు. అంతమాత్రమున ఆమె బిడ్డలకు మంచి తిండి దక్కదని తలచుట పొరపాటు.

వంద గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు; బియ్యములో నున్నది సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే. ఎముకలు పెరుగు వయసున ఈ భేదము చిన్నది కాదు. ఉలవలలో వందకు 22 పాళ్ళ వరకు మాంసకృత్తులు కలవు. ఈ పైరులు కొద్ది నీటితో, కొద్ది ఎరువుతో పండును. పురుగుమందుల అవసరము వీనికి తక్కువ.

"చౌకధరల దుకాణమున బియ్యము ఉచితముగా లభించుచుండగా రాగులు కొననేల?" అని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దానికి జవాబు సంగటికుండలోనే యున్నది. మొదట బియ్యమునో నూకలనో మెత్తగా ఉడికించి, అందులో రాగిపిండి వేసి, తెడ్డుతో గెలికి ముద్ద చేయుదురు. బియ్యమును విడువ నక్కరలేదు. రాగిని దానికి తోడు చేసిన చాలును.

ఇక కూరల మాట. ఇంటిముందు మునగచెట్టు ఒక్కటి యున్న ఆకునకు కొదువ లేదు. చోటు లేనివారు పాతడబ్బాలో తోటకూర చల్లవచ్చును. పేడయు, ఎండుటాకులును, వంటింటి తుక్కును మాగిన ఎరువగును. వేపగింజల కషాయము పురుగును తోలును. ఆకుకూరపై నిమ్మరసము పిండిన, అందలి ఇనుము ఒంటికి చక్కగా పట్టును. పెరటి పంట చాలనినాడు సంతలో ఆయా కాలమున దొరకు కాయలు కొని, బాగుగా కడిగి వండవలయును. ముద్ర లేదని కూరలే మానుట అవివేకము.

పుంగనూరు ఆవు కథ ఇచ్చట స్మరింపదగినది. సుమారు మూడడుగుల ఎత్తుగల ఆ ఆవు కొద్ది మేతతో బ్రతికి, చిక్కని పాలిచ్చెడిది. అధికముగా పాలిచ్చు పరదేశపు జాతులపై మోజు పెరిగి, దానిని సంకరము చేయగా, స్వచ్ఛమైన జాతి అంతరించు స్థితికి వచ్చినది. పలమనేరు పశుపరిశోధన కేంద్రము దానిని కాపాడ పూనుకొన్నది. నేడు దాని వెల పేదవాని కందరానిది. చులకన చేసి పోగొట్టుకొన్నదానిని మరల కొనుట ఎంత కష్టమో చూడుడు!

సంగటికి ఆ గతి పట్టరాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ ఇచ్చుట మొదలైనది. లోకము మెచ్చిన ఈ ధాన్యమును పండించిన యింటి బిడ్డలు చిన్నచూపు చూడదగునా? తల్లి పెట్టిన సంగటిముద్దను నలుగురి యెదుట తలయెత్తుకొని తినుటయే వారు చేయవలసిన మొదటి పని.