ఎంతమంది బ్యాచిలర్సు?

పోయిన నెల పటమటలో ఉండే మా పిన్ని కొడుకు రెజ్యూమె పంపాడు, "అన్నయ్యా, ఒకసారి చూసి మీ కంపెనీలో ఇవ్వవా" అని. మొదటి పేజీలోనే దొరికిపోయాడు. "బ్యాచిలర్స్ ఆఫ్ టెక్నాలజీ" అట! నేను ఊరుకోవచ్చుగా... "ఎంతమందిరా బ్యాచిలర్సు? రూమ్ అద్దెకి కావాలా?" అని వెటకారంగా జవాబు కొట్టా. (బెజవాడలో బ్యాచిలర్స్‌కి ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది లెండి.) వాడు మళ్ళీ పలకలేదు. రెండ్రోజులకి పిన్ని ఫోను: "ఏమన్నావురా వాణ్ణి? అప్లై చెయ్యడమే మానేశాడు."

సిగ్గేసింది. అసలు నేనేం వెలగబెట్టానో చూద్దామని పాత మెయిళ్ళు తవ్వితే, నా మొదటి రెజ్యూమెలోనూ అదే ముక్క! సీనియర్ దగ్గర కాపీ కొట్టిన ఫైలు. ఆయన ఎవరి దగ్గర కొట్టాడో.

తప్పంతా చెవి దగ్గర మొదలవుతుంది. "బ్యాచిలర్స్ డిగ్రీ" అన్నప్పుడు వినపడే ఆ "స్" బహువచనం కాదు, షష్ఠీ విభక్తి. బ్యాచిలర్ యొక్క డిగ్రీ అన్నమాట. అందుకే ఇంగ్లీషులో రాసేటప్పుడు దాని ముందు అపాస్ట్రఫీ పెట్టాలి. "బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ" అలా కాదు. అది మనకిచ్చిన బిరుదు. మనం ఒక్కళ్ళమే కాబట్టి ఏకవచనం. అక్కడ బహువచనం పెడితే మంద అవుతుంది, అపాస్ట్రఫీ పెడితే "మా బాబాయి యొక్క" అని ఆపేసినట్టుంటుంది. యొక్క ఏంటి?

అన్నట్టు, ఈ బ్యాచిలర్‌కి పెళ్ళితో సంబంధం లేదు. మధ్యయుగాల్లో ఒక నైటు కింద పనిచేసే కుర్రాణ్ణి అలా పిలిచేవాళ్ళు. మొదటి మెట్టు పట్టాకి ఆ పేరు అలా వచ్చింది.

మన తాతల తరానికి ఈ బాధ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలోనే మొదలై 1930లో విశాఖ వెళ్ళింది. అంతకుముందు ఇక్కడివాళ్ళకి పట్టా అంటే మద్రాసుదే. ఎక్కడిదైనా ప్లీడరుగారి బోర్డు మీద పేరు, పక్కన బి.ఏ., బి.ఎల్. అంతే. పొడి అక్షరాలకి అపాస్ట్రఫీ గొడవేముంది! మనమేమో బి.టెక్. అంటే చాలదేమోనని విప్పి రాస్తాం, విప్పినచోటే దొరికిపోతాం.

ఇలాంటివి చూసి అభ్యర్థిని పక్కన పెట్టేసేవాళ్ళని చూశాను. నాకైతే అది అన్యాయమే. దివిసీమలో ఏ పల్లెటూరి బళ్ళోనో తెలుగు మీడియం చదివొచ్చిన కుర్రాడు కోడ్ రాయగలడో లేదో అపాస్ట్రఫీ చెప్పదు. అలాగని "అందరూ ఇలాగే రాస్తారుగా" అన్నా ఒప్పుకోను. పట్టా మీద అచ్చేసిన పేరు చూసి దించుకోడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, బీరువా తీస్తే చాలు.

వాడికి సారీ చెప్పి, ఫైలు దిద్ది పంపా. వెంటనే ప్రశ్న: "మరి మాస్టర్స్ చేస్తా అని రాయాలంటే?"

అక్కడా అపాస్ట్రఫీ ఉండాల్సిందేరా, డిగ్రీ అన్న మాట మింగేశాం అంతే అన్నాను.

"సరే గానీ, మీ కంపెనీలో ఇచ్చావా లేదా?"