హీరోని చూపించారు సరే, జనం ఏరీ?

‘ది బాయ్స్’ సిరీస్ రూపకర్త ఎరిక్ క్రిప్కీ గారికి, ప్రైమ్ వీడియో యాజమాన్యానికి బహిరంగ లేఖ

అయ్యా,

గార్త్ ఎన్నిస్ రాయగా డారిక్ రాబర్ట్‌సన్ బొమ్మలు గీసిన కామిక్స్ ఆధారంగా మీరు మలిచిన ‘ది బాయ్స్’ 2019 జూలైలో మొదలైంది. తెలుగు డబ్బింగుతో కృష్ణా డెల్టా పల్లెలకూ చేరింది. మా ఫోన్లలో, మా టీవీల్లో సూపర్‌హీరోల నాయకుడు హోమ్‌ల్యాండర్ తెలుగు మాట్లాడాడు. అందుకే ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. 2024 జూన్ 13 నుంచి జూలై 18 దాకా వచ్చిన నాలుగో సీజన్ చాలామందిని నిరాశపరిచింది. నెత్తురు ఎక్కువైందని కొందరు, బూతులు ఎక్కువయ్యాయని కొందరు, రాజకీయం ఎక్కువైందని మరికొందరు అన్నారు. నెత్తురూ బూతులూ మొదటి ఎపిసోడ్ నుంచీ ఉన్నవే. రాజకీయం ఆ కథకు ప్రాణం. నా ఫిర్యాదు వేరు. సూపర్‌హీరోలను తయారుచేసే అసలు శక్తి జనమని మొదటి మూడు సీజన్లలో మీరు గొప్పగా చెప్పారు. నాలుగో సీజన్లో ఆ జనాన్నే కథలోంచి తీసేశారు. మిగతా లోపాలన్నీ ఈ ఒక్క లోపంలోంచి పుట్టినవేనని నా వాదన.

మీ కథ మొదలైందే ఒక సామాన్యుడితో. హ్యూయీ చేతులు పట్టుకుని నిలబడిన అమ్మాయిని ఎ-ట్రైన్ అనే వేగవీరుడు పరుగులో ఢీకొట్టి తునాతునకలు చేస్తాడు. నోరు మూసుకుని సంతకం పెడితే 45,000 డాలర్లిస్తామని సూపర్‌హీరోలను నడిపే వాట్ కంపెనీ బేరం పెడుతుంది. బలవంతుడు చేసిన తప్పును డబ్బు, కాగితం, ప్రకటన కలిసి ఎలా మాపేస్తాయో ఆ ఒక్క సన్నివేశం చెప్పేసింది. ఆ మొదటి సీజన్లోనే ఒక విమానం కూలుతుంది. హోమ్‌ల్యాండర్ తన పొరపాటుతో కంట్రోళ్లను కాల్చేసి, ప్రయాణికులందరినీ చావుకు వదిలి వచ్చేస్తాడు. ఆపైన శకలాల ముందు నిలబడి, సూపర్‌హీరోలను సైన్యంలో చేర్చుకుని ఉంటే ఈ ఘోరం తప్పేదని కెమెరాలకు చెబుతాడు. జనం ఏడుపు ఒక కంపెనీ కాంట్రాక్టుగా మారే దారిని అడుగడుగునా చూపించారు. రెండో సీజన్లో ఇంకా లోతుకు వెళ్లారు. ఒక మామూలు కుర్రాడు టీవీలో, ఫోన్లో స్టార్మ్‌ఫ్రంట్ అనే సూపర్‌హీరోయిన్ చిమ్మే ద్వేషపు మాటలు రోజూ వింటూ వింటూ, చివరికి తనకు ఏ అపకారమూ చేయని దుకాణదారుణ్ణి కాల్చి చంపేస్తాడు. కొద్ది నిమిషాల ఆ ఘట్టంలో విషం ఒక మనిషిలోకి ఎలా ఎక్కుతుందో పూర్తిగా ఉంది. మూడో సీజన్లో హోమ్‌ల్యాండర్ ప్రత్యక్ష ప్రసారంలో ముసుగు తీసి మాట్లాడితే, అభాసుపాలు కావలసినవాడికి ఆదరణ పెరుగుతుంది. సీజన్ చివర తన కొడుకు మీదికి వస్తువు విసిరిన ఒక నిరసనకారుణ్ణి అందరి ముందూ చంపుతాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత టాడ్ అనే వీరాభిమాని కేక పెడతాడు, గుంపంతా అందుకుంటుంది. ఆ క్షణంలో భయపెట్టింది హోమ్‌ల్యాండర్ కళ్లలోని ఎర్రని మంట ఒక్కటే అనుకోను. టాడ్ ముఖంలోని ఆనందం అంతకంటే భయపెట్టింది.

టాడ్ ఎవరు? హోమ్‌ల్యాండర్‌ను ఎదిరించే బాయ్స్ జట్టులోని ఎం.ఎం. మాజీ భార్యతో కలిసి ఉంటున్నవాడు, ఎం.ఎం. కూతురు పెరుగుతున్న ఇంట్లోవాడు. అంటే కథానాయకుల్లో ఒకరి బిడ్డ రోజూ భోజనం చేసే బల్ల దగ్గరే హోమ్‌ల్యాండర్ భక్తుడు కూర్చుని ఉన్నాడు. రచయితకు ఇంతకు మించిన అవకాశం దొరకదు. ఆ భక్తి ఏ లోటును పూడుస్తోంది? ఆ మనిషి ఆ పిల్లకు ఏం నేర్పుతాడు? నిజం తెలిసిన రోజున ఏమవుతాడు? మూడో సీజన్ ముగింపు మాకు వేసిన ప్రశ్నలివి. నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్లోనే టాడ్‌నూ మరో ఇద్దరు అభిమానులనూ పిలిపించి కొట్టి చంపించారు. వాళ్ల శవాలను అల్లర్ల మధ్య పడేయించి అమరవీరులను చేశారు. ఎత్తుగడగా అది పదునైనదే. కానీ అది వేసిన హోమ్‌ల్యాండర్ సలహాదారు సిస్టర్ సేజ్‌కు టాడ్ ఒక పావు అయితే సరే, రాసిన మీకు కూడా పావే అయ్యాడు. ఆ తర్వాత ఏడు ఎపిసోడ్లలో అభిమానుల గుంపు నుంచి టాడ్‌లా పేరూ ఇల్లూ కుటుంబమూ ఉన్న మనిషి మళ్లీ మాకు కనిపించలేదు. ప్లకార్డులున్నాయి, టోపీలున్నాయి, అరుపులున్నాయి. మనుషులు లేరు.

ఈ లోటు ఎంత పెద్దదో సీజన్ ముగింపు చూస్తే తెలుస్తుంది. ఒక దేశ ప్రభుత్వాన్నే చేజిక్కించుకునే కథ అది. ఎన్నికైన అధ్యక్షుడు సింగర్ అరెస్టవుతాడు. ఉపాధ్యక్ష పదవికి ఎన్నికైన న్యూమన్‌ను బాయ్స్ నాయకుడు బుచర్ చీల్చేస్తాడు. స్పీకర్ కాల్‌హూన్ అధ్యక్షుడై సైనిక పాలన ప్రకటిస్తాడు. సూపర్‌హీరోలు పోలీసు అధికారంతో వీధుల్లోకి దిగుతారు. ఇంత మార్పు ఎవరివల్ల జరిగింది? రూపం మార్చే ఒక హంతకి, ఒక రహస్య వీడియో, మూసిన గదుల్లో నలుగురి మాటలు. ఇది ప్రపంచంలోకెల్లా తెలివైన మనిషి సేజ్ వేసిన పథకం అంటారు. ఆమె తెలివైనదని పాత్రలు చెబుతాయి కాబట్టి మేము నమ్మాలి. జనాకర్షణతో గెలిచే నియంత కథలో జనం చేయవలసిన పనే లేకుండా పోయింది. ఈ సీజన్ ఎనిమిది ఎపిసోడ్ల కాలాన్ని జట్టులోని ఫ్రెంచీ పశ్చాత్తాపానికి, బుచర్ బుర్రలోని కెస్లర్ భ్రమకు, తల్లిదండ్రులతో హ్యూయీ లెక్కలకు పంచింది. హ్యూయీ తండ్రి మరణం కదిలించిందని ఒప్పుకుంటాను. అయినా ఇవన్నీ ఎవరికి వారి సొంత గాయాలు. బయట దేశం ఎందుకు మారిపోతోందన్న ప్రశ్నను ఇవేవీ తాకవు.

సామాన్యుడి వైపు నుంచి చూసే చూపు పోతే ఇంకో నష్టం కూడా ఉంది. మొదటి సీజన్లో కొత్తగా చేరిన హీరోయిన్ స్టార్‌లైట్‌పై తోటి హీరో డీప్ జరిపిన లైంగిక దౌర్జన్యాన్ని మీరు ఎంతో బరువుతో చూపించారు. ఆమె సిగ్గు, కోపం, తర్వాత నోరు విప్పే ధైర్యం, అన్నిటికీ చోటిచ్చారు. నాలుగో సీజన్లో టెక్ నైట్ అనే సూపర్‌హీరో నేలమాళిగలో హ్యూయీపై జరిగేదీ అలాంటి హింసే. దాన్ని నవ్వుల కోసం మలిచారు. తర్వాత ప్రేయసి స్టార్‌లైట్ రూపంలో వచ్చిన హంతకి చేతిలో అతడు మోసపోతే, గాయపడ్డ అతడే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. బాధితుడు మగవాడైనంత మాత్రాన బాధ హాస్యం అయిపోదు. బలహీనుడి పక్షాన నిలబడడమే మొదట్లో మీ సిరీస్‌కు గౌరవం తెచ్చింది.

జనం గురించిన ఈ మాట కృష్ణా జిల్లా నుంచి చెప్పడానికి నాకొక కారణం ఉంది. వెండితెర వీరుడికీ జనానికీ మధ్య బంధం ఎంత దూరం వెళ్లగలదో ఈ నేలకు బాగా తెలుసు. 1923 మే 28న నందమూరి తారక రామారావు పుట్టిన నిమ్మకూరు మా ఘంటసాలకు దూరమేమీ కాదు. 1957లో ‘మాయాబజార్’లో కృష్ణుడు, 1963లో ‘లవకుశ’లో రాముడు, 1980లో సూపర్‌మాన్ కూడా ఆయనే. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. గుడివాడ ఆయనను గెలిపించింది. ఆయనను మీ హోమ్‌ల్యాండర్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు, ఆ పోలిక తప్పు కూడా. నేను చూపించేది అభిమానుల వైపు. దేవుడి వేషం చూసి అమాయకులు ఓట్లేశారని దూరం నుంచి చూసినవాళ్లు అప్పట్లో తేల్చేశారు. దగ్గర నుంచి చూస్తే ఆ అభిమానానికి లెక్క ఉంది, జ్ఞాపకం ఉంది. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణాలు తీసింది. అప్పుడు ఎన్.టి.ఆర్., ఇదే గుడివాడ ప్రాంతంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి బాధితుల కోసం విరాళాలు పోగుచేశారు. తర్వాత కిలో రెండు రూపాయల బియ్యం పేదింటి పొయ్యిదాకా వచ్చింది. గ్రామాల్లో మునసబు, కరణాల పెత్తనం పోయింది. ఆరాధన గాలిలోంచి పుట్టలేదు. అదే జనం 1989లో ఆయన పార్టీని ఓడించారు, 1994లో మళ్లీ గెలిపించారు. పూజించిన చేతులే ఓటుతో దించాయి, అవే తిరిగి ఎక్కించాయి. జనాభిమానం అంటే ఇదీ. అది మారుతుంది, బేరమాడుతుంది, అలుగుతుంది, క్షమిస్తుంది. హోమ్‌ల్యాండర్ లాంటి దుర్మార్గుడి వెంట నడిచే జనానికి కూడా ఏదో ఒక లెక్క, ఏదో ఒక గాయం ఉండే తీరాలి. అది చెప్పకపోతే ఆ ప్రమాదం మాకు అర్థం కాదు. అర్థం కానిదాన్ని ఎదుర్కోవడం కూడా రాదు.

దీనికి మీ వైపు నుంచి రాగల జవాబులు నాకు తెలుసు. ఇది వ్యంగ్యం, వ్యంగ్యంలో గుంపు బొమ్మలాగే ఉంటుంది అనవచ్చు. కానీ రెండో సీజన్లో ఆ కుర్రాడి ఘట్టం కూడా వ్యంగ్యమే, అయినా వాడు మనిషిలా ఉన్నాడు. అతిశయోక్తి కింద నిజం ఉన్నప్పుడే వ్యంగ్యం కోస్తుంది. నాలుగో సీజన్‌ను తిట్టినవాళ్లంతా తమ రాజకీయాన్ని ఎగతాళి చేశారన్న కోపంతో తిట్టారని కూడా అనవచ్చు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల ఫిర్యాదు నాది కాదు. మీరు ఒక పక్షం తీసుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. పక్షం తీసుకున్న రచయిత అవతలి పక్షాన్ని ఇంకా శ్రద్ధగా చదవాలని మాత్రమే అంటున్నాను. ఎదుటివాణ్ణి మూర్ఖుడిగా గీస్తే మనవాళ్లు నవ్వుతారు. వాడు ఎలా గెలుస్తున్నాడో మాత్రం ఎవరికీ తెలియకుండా పోతుంది.

హోమ్‌ల్యాండర్ వైపు చేరిన ప్రచారకురాలు ఫైర్‌క్రాకర్ ఉంది కదా, జనానికి ఆమె గొంతు కదా అనేవారికి నా జవాబు ఇది. ఆమె మంచి పాత్ర. ఏమీ లేనివాళ్లకు ఒక ఉద్దేశం అమ్ముతున్నానని ఆమెకు తెలుసు. కానీ మీరు అమ్మేవారిని చూపించారు, కొనేవారిని చూపించలేదు. స్టార్‌లైట్ మీద ఆమె పగకు కూడా చిన్ననాటి అందాల పోటీలో జరిగిన అవమానాన్ని కారణంగా పెట్టి, దేశానికి పట్టిన జబ్బును ఇద్దరమ్మాయిల తగాదాగా కుదించారు. ఈ సీజన్లో జనం వైపు నుంచి వచ్చిన గొప్ప క్షణం ఒకటుంది. గుండె పట్టేసినట్టై కుప్పకూలిన ఎం.ఎం.ను ఎ-ట్రైన్ ఆసుపత్రికి మోసుకొస్తాడు, అక్కడ ఒక పిల్లవాడు అతన్ని చూసి నవ్వుతాడు. ప్రకటనలతో, సినిమాలతో, కంపెనీ ప్రచారంతో దొరకని వీరత్వం ఆ చిన్న నవ్వులో అతనికి దొరికింది. మొదటి ఎపిసోడ్లో ఒక అమ్మాయి ప్రాణం తీసి, ఆగకుండా పారిపోయినవాడు మనిషిగా మారిన చోటు అది. సామాన్యుడి చూపుకు కథను మలుపు తిప్పే బలం ఉందని మీ సీజనే సాక్ష్యం చెబుతోంది. హోమ్‌ల్యాండర్ తను పెరిగిన ప్రయోగశాలకు తిరిగి వెళ్లిన ఎపిసోడ్ కూడా గట్టిదే. అక్కడ ఆంటొనీ స్టార్ నటనకు సాటి లేదు. ఆ ఎపిసోడ్ నిలబడింది కూడా అక్కడి మామూలు ఉద్యోగుల వల్లే. ఒక పిల్లవాణ్ణి హింసించడాన్ని జీతానికి చేసే పనిగా చూసినవాళ్లు వాళ్లు. రాక్షసుణ్ణి మామూలు మనుషులు ఎలా తయారుచేస్తారో అక్కడ మళ్లీ మీకు గుర్తొచ్చింది.

ఐదో సీజన్‌తో కథ ముగించాలని ముందే నిర్ణయించుకున్నాం, నాలుగోది దానికి రంగం సిద్ధం చేసేది అన్నది చివరి జవాబు. రంగం సిద్ధం చేయడం అంటే పాత్రలను ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరపడం ఒక్కటేనా? సైనిక పాలన వచ్చిన మర్నాడు పొరుగింటివాడు ఏం చేస్తాడో మాకు తెలియాలంటే, ఆ పొరుగింటివాడు ముందు మాకు పరిచయమై ఉండాలి. సిద్ధం చేయవలసిన సీజన్ ఆ ఒక్క పనే చేయలేదు.

అందుకని నేను కోరేది స్పష్టం. వాట్ కంపెనీ పుట్టిన 1950ల కాలం మీద ‘వాట్ రైజింగ్’ అనే సిరీస్ తీస్తామని 2024 జూలైలో ప్రకటించారు. ఆ ప్రపంచాన్ని మీరు ఇంకా విడిచిపెట్టడం లేదు కాబట్టి ఈ మాట ఆలస్యమైనది కాదు. అక్కడ మొదటి వీరుడితో పాటు మొదటి అభిమానిని కూడా చూపించండి. వాడికి పేరు పెట్టండి, ఇల్లివ్వండి, పని ఇవ్వండి, అప్పు ఇవ్వండి. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడో, కొడుకును పోగొట్టుకున్న తల్లో, ఆ టీవీ పెట్టెలోని వీరుడిలో ఏం వెతుక్కున్నారో మాకు చెప్పండి. వాళ్లు మోసపోతే ఎక్కడ మోసపోయారో, మేల్కొంటే ఏ మాటకు మేల్కొన్నారో చూపించండి. వాళ్లను మొదటి ఎపిసోడ్లో చంపేయకండి. హీరోలు పడిపోవడం మేము చాలా చూశాం. వాళ్లను నిలబెట్టినవాళ్లు ఎందుకు నిలబెట్టారో, ఎప్పుడు చేతులు వెనక్కి తీసుకున్నారో చెప్పే కథ మాకు కావాలి. దాన్ని చెప్పగల శక్తి మీకుందని మీ మొదటి మూడు సీజన్లే రుజువు చేశాయి.

నమస్కారాలతో,
ఘంటసాల, కృష్ణా జిల్లా నుంచి
మీ తెలుగు ప్రేక్షకుల్లో ఒకరు