మందుల కొరత... లెక్క తప్పిన కొనుగోళ్ల ఫలితమే!

ప్రభుత్వాసుపత్రిలో ఓపీ ఉచితం, డాక్టరు పరీక్ష ఉచితం. తీరా ఫార్మసీ కిటికీ దగ్గరికి వెళ్తే, రాసిన నాలుగు మందుల్లో రెండు ‘బయట తెచ్చుకోండి’ అంటారు. నెలకు సరిపడా ఇవ్వాల్సిన బీపీ, షుగరు మాత్రలు పది రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటారు. కూలికి వెళ్లే మనిషి మళ్లీ రావడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. మరోపక్క గోదాములో ఎవరూ అడగని సిరప్పుల పెట్టెలు గడువు తీరేదాకా మూలుగుతుంటాయి. కొరతకూ వృథాకూ మూలం ఒక్కటే. కొనుగోళ్లు రోగుల వాడకాన్ని బట్టి కాక, నిరుటి ఇండెంటును (ఆసుపత్రి పంపే, కావలసిన మందుల పట్టీని) బట్టి సాగుతున్నాయి.

అడిగినదానిలో సగం కోస్తారని తెలిసిన ఫార్మసిస్టు రెట్టింపు రాస్తాడు. రెట్టింపు రాస్తారని తెలిసిన పైఅధికారి సగం కోస్తాడు. ఈ బేరంలో అసలు అవసరం ఎక్కడా లెక్కకు రాదు. దీనికి బకాయిలూ తోడవుతాయి. సరఫరాదారుకు బిల్లులు నెలల తరబడి ఆగిపోతే, నికార్సైన కంపెనీలు మరుసటి టెండరుకు దూరమవుతాయి. వచ్చినవారు ఆలస్యాన్ని ముందే ధరలో కలుపుకుంటారు. సరుకు రాకపోతే ఆసుపత్రి అదే మందును స్థానికంగా ఎక్కువ ధరకు కొంటుంది. బకాయి పెట్టి మిగిల్చామనుకున్న డబ్బు ఇలా వడ్డీతో సహా పోతోంది.

దారి కొత్తగా వెతకనక్కర్లేదు. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్కు ఇచ్చింది. అందులోని కేటాయింపు మేరకు ఏ మందు ఎంత కావాలో ఆసుపత్రే తేల్చుకుంటుంది. కంపెనీ పేరు కనబడకుండా కోడ్ వేసిన నమూనాలను ల్యాబులకు పంపి, నాణ్యత తేలాకే సరుకును ఆసుపత్రులకు వదులుతారు. రాజస్థాన్ 2011లో ఉచిత మందుల పథకానికి ఇలాంటి సంస్థనే ఆధారం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఇలాంటి కార్పొరేషన్లున్నాయి, మందుల నిల్వలను నమోదు చేసే ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటరులోని నిల్వకూ అరలోని సరుకుకూ పొంతన చూసే క్రమశిక్షణే కావాలి.

నిధులు చాలవన్న జవాబు ఇక చెల్లదు. ఉన్న నిధులను దేనికి ముందు ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న. పాము విషానికి విరుగుడు, ఇన్సులిన్, ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ వంటి ప్రాణాధార మందులు ఏ రోజూ నిండుకోకూడదు. బడ్జెట్‌లో సింహభాగం మింగే కొద్దిపాటి ఖరీదైన మందుల వాడకాన్ని నెలనెలా సమీక్షించాలి. గడువు ముందు తీరేవి ముందు వాడాలి. వాడకం లేని నిల్వను ఆరు నెలలు మిగిలుండగానే అవసరమున్న ఆసుపత్రికి మళ్లించాలి. ‘లేదు’ అని తిప్పి పంపిన ప్రతి మందునూ నమోదు చేయాలి. వచ్చే ఇండెంటుకు అంతకన్నా నమ్మకమైన ఆధారం ఉండదు.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలోని మొత్తం వైద్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు జేబులోంచి పెట్టుకున్నదే. అందులో మందుల వాటా పెద్దది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ మందుల బిల్లులను జీతాలతో సమానమైన చెల్లింపుగా చట్టబద్ధం చేయాలి. చెల్లింపు గడువు దాటితే వడ్డీ కట్టాలి, ఆ జాప్యానికి ఆర్థిక శాఖ శాసనసభకు జవాబు చెప్పాలి.