బంగారు బిళ్ళలతో వృద్ధాప్యం గడుస్తుందా?

నూజివీడు: మామిడి సీజను ముగిసి, కమీషను దుకాణాలలో లెక్కలు తేలే రోజులలో ఈ ప్రాంతపు వర్తకుల చేతికి వచ్చే సొమ్ములో కొంత భాగం బంగారం వైపు మళ్ళడం కొత్త సంగతి కాదు. కొత్తదల్లా ఆ బంగారం రూపమే. వెనుకటి తరం వారు కాసులపేరు, గాజులు, ఒడ్డాణం చేయించి బీరువాలో దాచేవారు. ఇప్పుడు ప్రైవేటు ముద్రశాలలు, నగల దుకాణాలు తమ గుర్తు వేసి, ప్లాస్టిక్ కార్డులో బిగించి అమ్ముతున్న 24 కారెట్ల బిళ్ళలను కొని, “ఇది అరవై దాటిన తరువాతి ఖర్చుకు” అని పక్కన పెట్టే వారు కనిపిస్తున్నారు. బంగారం కొనడం తప్పని ఎవరూ అనరు. కాని వృద్ధాప్యపు జీవనానికి ఈ బిళ్ళ తగిన రూపమేనా అన్నది వర్తకుడు వర్తకుడిగానే తేల్చుకోవలసిన విషయం.

మామిడి వ్యాపారికి బంగారం మీద మక్కువ ఎక్కువ కావడానికి కారణం లేకపోలేదు. అతని సరకు నిలవ ఉండేది కాదు. చిన్న రసం ముగ్గితే రెండు మూడు రోజుల్లో అమ్ముడు పోవాలి, లేదా పారబోయాలి. నున్న మార్కెట్‌కు రాబడులు ఒక్కసారిగా పెరిగిన రోజున ధర ఏమవుతుందో దళారులకు వేరే చెప్పనక్కరలేదు. తోట ఒక ఏడు విరగ కాస్తే మరుసటి ఏడు అలుగుతుంది. 2025లో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర పడిపోయినప్పుడు, రైతుకు కిలోకు 12 రూపాయలైనా దక్కేందుకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున ఇచ్చే ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఇటువంటి సరకుతో జీవితమంతా గడిపిన మనిషికి కుళ్ళనిది, ఎండనిది, చేతిలో బరువుగా ఆనేది ఏదైనా సరే మంచిదిగానే తోస్తుంది. పైగా అతనికి ఉద్యోగి మాదిరి పింఛను లేదు. చిన్న వర్తకుల కోసం 2019లో కేంద్రం ప్రవేశపెట్టిన పథకం 60 ఏళ్ళు నిండాక నెలకు ఇస్తానన్నది 3,000 రూపాయలు. అందులో చేరే వయసు 18 నుంచి 40 వరకే. జుట్టు నెరిసిన వర్తకునికి అది అక్కరకు రాదు.

అయితే బిళ్ళ అనగా ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. పైన లక్ష్మీదేవి బొమ్మ ఉన్నా, అంచున గీతలు ఉన్నా, అది నాణెం కాదు. నాణెం ముద్రించే హక్కు ప్రభుత్వానిది. ప్రైవేటు వారు చేసినది ముద్ర వేసిన లోహపు ముక్క మాత్రమే. దానికి ముఖవిలువ లేదు, దాని వెనుక ఏ ఖజానా లేదు. మన ఇళ్ళలో కాసు అనే మాట బ్రిటిష్ సవరను నుంచి స్థిరపడిన కొలత. సవరను బరువు 7.988 గ్రాములు, 22 కారెట్లు. 1918లో బొంబాయిలోనే ఆ సవరన్లను ముద్రించారు. ఈనాడు 8 గ్రాముల ప్రైవేటు బిళ్ళను కూడా కాసనే పిలుస్తున్నారు. అది 22 కారెట్లదా, 24 కారెట్లదా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఈ రెంటి మధ్య బంగారంలో తేడా వందకు ఎనిమిది పైమాటే. పేరు ఒకటే గనుక ధర కూడా ఒకటేనని అనుకున్నవాడు అక్కడే నష్టపోతాడు.

ఇక లెక్క చూద్దాం. సులువు కోసం మేలిమి 10 గ్రాముల ధర లక్ష రూపాయలు అనుకుందాం (2025 ఏప్రిల్‌లో మొదటిసారి ఆ గీత తాకింది). బిళ్ళకు మజూరీ నూటికి 4 వేస్తే 1,04,000 రూపాయలు. దానిపై 3 శాతం జీఎస్‌టీ కలిపితే 1,07,120. అదే రోజు సాయంత్రం అదే బిళ్ళను తిరిగి అమ్మబోతే మజూరీ పోయె, పన్ను పోయె. దుకాణదారు 2 శాతం తరుగు తీసి 98,000 ఇస్తాడనుకుందాం. పూట గడిచేసరికి 9,120 రూపాయలు హరించుకుపోయినవి. కొన్న ధర తిరిగి రావడానికే బజారు ధర నూటికి 9 పైగా పెరగాలి. ఒక గ్రాము బిళ్ళలైతే మజూరీ ఇంకా హెచ్చు. దానిని నూటికి 10గా తీసుకుంటే ధర 15 శాతం పైగా పెరిగితేగాని అసలు రాదు. కాయల మీద ఇటువంటి వ్యత్యాసం ఎదురైతే ఏ కమీషను వ్యాపారీ ఆ బేరం ముట్టడు. బిళ్ళ విషయంలో మాత్రం ఆ లెక్క ఎవరూ కాగితం మీద వేయడం లేదు.

కొనేవాడున్నంత వరకు ఏ సరకైనా సరకే. బంగారు పళ్ళానికైనా గోడ చేర్పు కావాలంటారు. ప్రైవేటు బిళ్ళకు ఆ చేర్పు అమ్మిన దుకాణమొక్కటే. వేరే దుకాణానికి తీసుకువెళితే అతను తన ముద్ర కాదు గనుక గీటురాయి మీద గీస్తాడు, లేదా కరిగించి చూస్తానంటాడు. కొన్నప్పుడు ‘999’ అన్నది అమ్మేటప్పుడు ‘చూద్దాం’ అవుతుంది. అతని భయంలోనూ అర్థమున్నది. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత బంగారానికి దాదాపు సమానం. దాని మీద బంగారు పూత వేస్తే తూకంలో పట్టుబడదు. మిషను మీద పెట్టి చూసినా పైపొర మాత్రమే తెలుస్తుంది. అందుచేత తెలియని ముద్ర ఉన్న బిళ్ళను కరిగించనిదే పూర్తి ధర ఇవ్వరు. బ్యాంకుల సంగతీ ఇంతే. అవి కూడా నాణేలు అమ్మినవి గాని, తాము అమ్మినవాటిని తిరిగి కొనడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అంగీకరించలేదు.

అమ్మకం కన్నా తాకట్టు ముఖ్యమని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. డిసెంబరు, జనవరి నెలల్లో పూత చూసి తోటలకు బేరం పెట్టేటప్పుడు, అడ్వాన్సులు ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఇంట్లో బంగారమే బ్యాంకుకు వెళుతుంది, జూన్‌లో తిరిగి వస్తుంది. ఆభరణం ఈ పనిని తరతరాలుగా చేస్తున్నది. కాని బిస్కెట్టు, కడ్డీల మీద బ్యాంకులు అప్పు ఇవ్వవు. నాణేల విషయంలో బ్యాంకులు అమ్మిన ప్రత్యేక నాణేలనే, అదీ 50 గ్రాముల వరకే అంగీకరించే పద్ధతి చాలాకాలం సాగింది. 2025లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చినా 50 గ్రాముల హద్దు తొలగలేదు. అంటే అరకిలో బిళ్ళలున్న ఆసామి కూడా అవసరం వచ్చిననాడు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కవలసి రావచ్చు, లేదా ధర ఎలా ఉన్నా అమ్ముకోవలసి రావచ్చు. భార్య మెడలోని నగకున్న పరపతి భర్త బీరువాలోని బిళ్ళకు లేదు.

ధర ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుంది గదా అనే వాదన ఒకటున్నది. ఇటీవలి తేజీ చూసినవారికి అలా తోచడం సహజం. 1980 జనవరి 21న లండనులో ఔన్సు 850 డాలర్లు పలికింది. 1999లో 250 డాలర్ల దగ్గరకు దిగజారింది. మళ్ళీ 850 చూడడానికి 2008 వరకు పట్టింది. మనవారికి ఆ మందీ అంతగా తెలియకపోవడానికి కారణం రూపాయి పతనం. 1980లో డాలరు సుమారు 8 రూపాయలు, 1999లో సుమారు 43. ఆ లెక్కన ఔన్సు 6,800 రూపాయల నుంచి 10,750 రూపాయలు అయిందన్నమాట. పందొమ్మిదేళ్ళకు ఇంత పెరుగుదల అంటే ఏటా రెండున్నర శాతం లోపే. బ్యాంకులో వేసిన సొమ్ము ఇంతకన్నా ఎక్కువ పెరిగింది. 2013లో కొన్నవారు 2015లో ధర చూసి దిగులుపడిన సంగతి కూడా పాతబడలేదు. 2024 జులై 23న దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి దిగినప్పుడు, ముందు వారం కొన్నవారికి ఒక్క బడ్జెట్ ప్రసంగంతోనే కోత పడింది. యువకుడైతే ఆగుతాడు. డెబ్బయ్యో ఏట మందుల ఖర్చుకు అమ్మేవాడు ఆగలేడు. బిళ్ళ నెలనెలా ఏమీ ఇవ్వదు గనుక దానిని కొద్దికొద్దిగా అమ్ముకుంటూ పోవాలి, అమ్మిన ప్రతిసారీ తరుగు ఇచ్చుకోవాలి. ముసలి తోట కూడా ఏడాదికి నాలుగు గంపలైనా రాలుస్తుంది.

బంగారం ధరకు కట్టిపడవేసిన కాగితాలు కూడా వచ్చినవి. 2015 నవంబరులో ప్రభుత్వ బంగారు బాండ్ల మొదటి విడత గ్రాముకు 2,684 రూపాయలకు ఇచ్చి, 2023 నవంబరులో 6,132 రూపాయలకు తీర్చారు. మధ్యలో ఏటా 2.75 శాతం వడ్డీ ఇచ్చారు. అంటే 10 గ్రాముల మీద ఏటా 738 రూపాయలు, ఎనిమిదేళ్ళకు 5,900 రూపాయలు. ఆ రోజునే బిళ్ళ కొన్నవాడికి ధర పెరుగుదల దక్కింది గాని, ఈ వడ్డీ దక్కలేదు. మజూరీ మాత్రం చేతినుంచి పడింది. అయితే ఆ బాండ్లు 2024 ఫిబ్రవరి తరువాత కొత్తగా విడుదల కాలేదు. ఎక్స్ఛేంజీలో పాతవి కొనుక్కోవడమే మార్గం. 2007 నుంచి ఉన్న గోల్డ్ ఈటీఎఫ్‌లకు డీమ్యాట్ ఖాతా కావాలి, స్వల్పంగా నిర్వహణ ఖర్చు ఉంటుంది, కాని మజూరీ లేదు, తరుగు లేదు. నెల ఖర్చుకే అయితే వృద్ధుల పొదుపు పథకం ఉండనే ఉన్నది. 2023 ఏప్రిల్‌లో దాని హద్దు 30 లక్షలకు, వడ్డీ 8.2 శాతానికి పెంచారు. ఆ రేటున 10 లక్షల మీద మూడు నెలలకోసారి 20,500 రూపాయలు చేతికి వస్తుంది. కాగితమంటే నమ్మకం లేని వర్తకులు ఇక్కడ తక్కువేమీ లేరు. వారి అనుమానానికి కారణాలుండవచ్చు గాని, దుకాణదారు మాట కూడా కాగితం లేని మాటేనని మరచిపోరాదు.

రశీదు సంగతి ఒకటి చెప్పక తప్పదు. మామిడి వ్యాపారంలో రొక్కం ఎక్కువ తిరుగుతుంది. ఆ రొక్కాన్ని బిల్లు లేకుండా బిళ్ళలుగా మార్చడం చాలామందికి సులువైన దారిగా కనిపిస్తున్నది. కాని 2 లక్షలు, ఆ పైన రొక్కంగా తీసుకోవడం 2017 నుంచి చట్టవిరుద్ధం. బిల్లు లేని బిళ్ళకు కొన్న ధర రుజువు కాదు. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను పడుతున్నప్పుడు, లాభమెంతో చూపించేది ఆ కాగితమే. వివాహిత స్త్రీకి 500 గ్రాముల వరకు సోదాలలో స్వాధీనం చేసుకోబోమని 2016లో పన్నుల బోర్డు చెప్పినది ఆభరణాల గురించి. బిళ్ళల పేరు అందులో లేదు.

వెనుకటి బంగారం నియంత్రణ చట్టం 1968 నుంచి 1990 వరకు అమలులో ఉన్నప్పుడు సామాన్యుడు బిస్కెట్టు దాచుకోవడమే నేరం. అందుచేతనే మన పెద్దలు నగ రూపాన్ని ఎన్నుకున్నారు. ఆ నిర్బంధం పోయింది గాని, నగకున్న హాల్‌మార్కు రక్షణ వంటిది బిళ్ళకు తనంతట తాను వచ్చిపడుతుందని అనుకోరాదు. 2021 జూన్ నుంచి నగలకు తప్పనిసరి చేసిన ఆ ముద్ర బిళ్ళ మీద ఉన్నదో లేదో చూసి తీసుకోవాలి.

అయినా బిళ్ళలే కావాలనుకునేవారు ఒక గ్రాము, రెండు గ్రాముల ముక్కలు మానుకొని 10 గ్రాములకు తగ్గకుండా కొనడం మేలు. ముద్రశాల పేరు, శుద్ధి, బరువు, కార్డు నంబరు బిల్లులో ఉండాలి. 2015లో వచ్చిన అశోక చక్రం గుర్తున్న ప్రభుత్వ ముద్రశాల నాణెం దొరికితే ప్రైవేటు బిళ్ళ కన్నా దానినే ఎన్నుకోవచ్చు. ఉన్న ఆస్తిలో పదింట ఒక వంతు దాటకుండా, అదీ నెల ఖర్చుకు వేరే ఏర్పాటు జరిగాకనే కొనాలి. ఇప్పటికే బీరువా నింపుకున్నవారు మరి కొనేముందు అందులోంచి ఒక్క బిళ్ళ తీసి, విజయవాడలో అమ్మిన దుకాణానికి ఒకసారి, అమ్మని దుకాణాలు రెండింటికి ఒకసారి చూపించి, ముగ్గురూ ఎంతిస్తామంటారో రాసుకొని రావడం మంచిది.