లైనక్స్‌లో డేటాకి తాళం: పది లైన్ల స్క్రిప్ట్ చాలు, కానీ ఆ ఒక్క కమాండ్ అందులో వద్దు!

ఫోన్ పోతే డబ్బులు పోయాయని బాధపడతాం కానీ డేటా గురించి అంతగా భయపడం. ఎందుకంటే ఇప్పటి ఫోన్లలో స్టోరేజ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. మరి లైనక్స్ ల్యాప్‌టాప్ పోతే? లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా అంటారేమో. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఆ పాస్‌వర్డ్‌తో పనే లేదు. ఆధార్ స్కాన్, మార్కుల మెమోలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు, అన్నీ చేతికి వచ్చేస్తాయి.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లు డిస్క్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ టిక్ చేసుకోండి, అదే బెస్ట్. ఇప్పటికే నడుస్తున్న సిస్టమ్ అయితే, పర్సనల్ ఫైళ్లకి ఒక పార్టిషన్ వేరుగా తీసి లక్స్‌తో లాక్ చేయమంటాను నేను. దీనికి ఆధారమైన డీఎం-క్రిప్ట్ 2004 నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. కావాల్సిన టూల్ ఒక్కటే, క్రిప్ట్‌సెటప్.

రోజువారీ వాడకానికి రెండు చిన్న షెల్ స్క్రిప్ట్‌లు చాలు. మొదటిది పార్టిషన్‌ని ఓపెన్ చేసి మౌంట్ చేస్తుంది. రెండోది అన్‌మౌంట్ చేసి క్లోజ్ చేస్తుంది. ఈ రెండోదే జాగ్రత్తగా రాయాలి. ఏ టెర్మినలో ఆ ఫోల్డర్‌లోనే కూర్చుని ఉంటే అన్‌మౌంట్ ఫెయిలవుతుంది, తాళం పడదు. ఆ సంగతి స్క్రిప్ట్ గట్టిగా చెప్పాలి, చివర్లో ఊరికే "అయిపోయింది" అని ప్రింట్ చేయకూడదు.

నాకు అస్సలు నచ్చని స్క్రిప్ట్‌లు రెండు రకాలు. ఒకటి, పాస్‌వర్డ్‌ని అందులోనే రాసేవి. తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు! రెండోది ఇంకా డేంజర్: లక్స్‌ఫార్మాట్ కమాండ్‌ని కూడా స్క్రిప్ట్‌లో పెట్టేసేవి. మామూలుగా అది ఆగి, పెద్ద అక్షరాల్లో 'యెస్' అని టైప్ చేయమంటుంది. క్వైట్ ఆప్షన్ పెడితే అదీ అడగదు. ఇవాళ ఎస్‌డీబీ అంటే పెన్‌డ్రైవ్, రేపు బూట్ అయ్యాక అదే పేరు మీ బ్యాకప్ హార్డ్‌డిస్క్‌కి రావచ్చు. అందుకే ఫార్మాట్ ఒక్కసారే, చేత్తో, ఫైళ్లు వేరేచోటికి కాపీ చేశాకే. స్క్రిప్ట్‌లో మాత్రం యూయూఐడీ వాడండి.

ఇంకొకటి, హెడర్ బ్యాకప్. లక్స్2 హెడర్ మామూలుగా 16 ఎంబీ ఉంటుంది. అది పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా డేటా రాదు. క్రిప్ట్‌సెటప్‌తోనే దాన్ని కాపీ తీసి వేరే డ్రైవ్‌లో దాచండి. పాస్‌వర్డ్ మార్చాక పాత కాపీని చెరిపేయడం మర్చిపోకండి, పాత పాస్‌వర్డ్ దానితో ఇంకా పనిచేస్తుంది. లక్స్2లో 32 కీ స్లాట్ల దాకా ఉంటాయి కాబట్టి రెండో పాస్‌ఫ్రేజ్ ఒకటి పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో పడేయొచ్చు.

ల్యాప్‌టాప్ మూత మూసి స్లీప్‌లో పెడితే మామూలుగా తాళం పడదు, కీ ర్యామ్‌లోనే ఉంటుంది. బస్సెక్కే ముందు ఆ రెండో స్క్రిప్ట్ ఒకసారి రన్ చేయండి.