మెడికల్ షాపులో దొరికితే నషా కాదా?

షరాబ్ హరామ్ అని మన ఇళ్ళల్లో పిల్లలకు కలిమాతో పాటే నేర్పుతాం. మంచిదే. కానీ దగ్గు సిరప్ సీసా, నొప్పి గోలీల స్ట్రిప్పు మన కంటికి నషాలా కనపడవు. వాసన రాదు. మెడికల్ షాపు నుంచి వచ్చింది కాబట్టి దవాయే అనుకుంటాం. "మావాడు సిగరెట్ కూడా ముట్టడు భాయ్" అని నాతో గర్వంగా చెప్పిన ఒక అమ్మీకి, కొడుకు పరుపు కింద ఖాళీ సీసాలు దొరికినప్పుడు కూడా పాపం దగ్గు తగ్గడం లేదేమోననే అనిపించిందట.

ఆ సిరప్‌లో ఉండేది కోడీన్, నల్లమందు ఖాందాన్‌దే. ట్రామడాల్ అనే నొప్పి గోలీదీ అదే దారి. 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. ఇక అల్ప్రాజోలం నిద్ర గోలీ. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా అదే. డాక్టర్ చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు, మరీజ్ పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఆ రూల్ ఎంత నడుస్తోందో మొహల్లా చివరి షాపులో నిలబడితే తెలుస్తుంది.

నా గుస్సా పిల్లల మీద కాదు, తెలిశాక మనం చేసే పనుల మీద. ఇజ్జత్ పోతుందని గదిలో పెట్టి తాళం వేస్తాం. ఆమిల్ దగ్గర తావీజ్ కట్టిస్తాం. షాదీ చేస్తే బాగుపడతాడని ఎవరి కూతురి జిందగీనో పణంగా పెడతాం. ఇమాన్ ఉంటే మానేసేవాడు అంటాం. షుగర్ మరీజ్‌తో అలా అంటామా? 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా దీన్ని బీమారీల లెక్కలోనే పెట్టింది. దుఆ తప్పకుండా చేయండి, డాక్టర్ దగ్గరికి వెళ్తూ చేయండి.

తాళం వేయడం ఖతర్‌నాక్ కూడా. రోజూ అల్ప్రాజోలం మింగేవాడికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, జాన్ కూడా పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రికి మరీజ్‌లు ఎలా పోటెత్తారో గుర్తుందిగా. డాక్టర్ నిగ్రానీలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. కోడీన్, ట్రామడాల్ అలవాటు ముదిరినవాళ్ళకు బుప్రెనార్ఫిన్ ఇస్తారు. "ఒక నషా మాన్పించి ఇంకో నషానా?" అంటూ పెద్దవాళ్ళే మధ్యలో ఆపించేస్తారు. అది మనిషిని మళ్ళీ పనికి పోనిచ్చే ఇలాజ్, ఎన్నాళ్ళు వాడాలో చెప్పాల్సింది చాచా కాదు, డాక్టర్.

రంజాన్ నెలంతా గట్టిగా నిలబడి, ఈద్ తర్వాత దోస్తుల మధ్య జారిపోయేవాళ్ళుంటారు. అప్పటికి పాత డోసు తట్టుకునే తాకత్ ఒంట్లో ఉండదు. మునుపటి లెక్కనే వేసుకుంటే సాఁస్ ఆగిపోవచ్చు. అలాంటివాడు "జారాను" అని భయపడకుండా చెప్పుకోగలిగే ఒక్క మనిషైనా ఇంట్లో ఉండాలి. తౌబా తలుపు అల్లాహ్ మూయలేదు, మనమెందుకు మూస్తాం?

పోలీసుల ఖౌఫ్ ఇంకొకటి. వాడకానికో, కొద్ది మోతాదుకో కేసు పడ్డవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో ఇలాజ్‌కి ఒప్పుకుంటే ఆ కేసు నుంచి రక్షణ ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లోనే ఉంది. ఫోన్ చేయడానికి 14446 ఉంది, పైసా ఖర్చు లేదు. ఆ నంబర్‌ని మస్జిద్ బోర్డు మీద నమాజ్ టైముల పక్కన రాయడానికి మన కమిటీలకు అడ్డమేంటో నాకైతే అర్థం కాదు.